కుళ్ళాయప్ప మందు కొట్టే టైము

మా వూర్లో మందు కొట్టేవాళ్ళకు కరువు లేదు. వానకు కరువుంది, బోర్లలో నీళ్ళకు కరువుంది, చదివినవాళ్ళకు ఉద్యోగాల కరువుంది. మందుకు మాత్రం ఏ ఏడాదీ కరువు రాలేదు. అయితే మిగతావాళ్ళంతా చీకటి పడ్డాక, గోడ చాటున, ఇంట్లోవాళ్ళకు తెలియకుండా కొడతారు. పట్టపగలు, నడివీధిలో నిలబడి, నలుగురినీ పిలిచి మరీ మందు కొట్టేవాడు ఒక్కడే. పెండ్లిళ్ళకూ జాతరలకూ మైకు కట్టే మైకు కుళ్ళాయప్ప.

"మందు కొట్టే టైమైందప్పోయ్!"

రోజూ పొద్దున పాల వ్యాను అటు పోగానే ఆంజినప్ప హోటలు ముందు ఈ కేక లేస్తుంది. కుక్కలు లేస్తాయి. బొరుగుల ఉగ్గాని తింటున్నవాళ్ళు చేయి ఆపుతారు. బీడీలు తాగేవాళ్ళు ఆర్పేస్తారు. ఆర్పకపోతే కుళ్ళాయప్పే వచ్చి వాళ్ళ నోట్లోంచి పీకి, ఆర్పి, వాళ్ళ చెవి మీదే పెట్టిపోతాడు.

కొత్తవాళ్ళు కంగారు పడనక్కర్లేదు. ఈ మందు సీసాలో ఉండదు. చొక్కా జేబులో పట్టేంత ఊదారంగు పంపులో ఉంటుంది. నోట్లో పెట్టుకొని నొక్కితే ఫుస్సుమని వస్తుంది. కుళ్ళాయప్పకు చిన్నప్పటినుంచి ఉబ్బసం. చెనక్కాయల మిషను దుమ్ము పడదు, గొర్రె బొచ్చు పడదు, చేలగట్ల మీద పెరిగే వయ్యారిభామ కలుపు అసలే పడదు. "కట్టుకున్న ఓబమ్మ తప్ప ఏ వయ్యారిభామా నాకు పడదప్పా" అంటాడు. అనంతపురం డాక్టరు, ఒంట్లో బాగున్నా బాగలేకపోయినా పొద్దునా రాత్రీ ఈ మందు పీల్చాల్సిందేనని రాసిచ్చాడు. తుమ్ములకు రాత్రిపూట ఒక మాత్ర కూడా ఇచ్చాడు. మా వూర్లో డాక్టరు రాసిచ్చింది రాసిచ్చినట్టు వాడే మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. రెండు రోజులు వాడి, బాగైతే మానేస్తారు. బాగుకాకపోతే డాక్టరును తిట్టి మానేస్తారు.

ఉబ్బసాన్ని మా వైపు దమ్ము అంటారు. ఈ దమ్ముతో పెద్ద చిక్కుంది. దమ్మంటే ఉబ్బసం. దమ్మంటే ధైర్యం. దమ్మంటే బీడీ పీల్పు. కబడ్డీలో కూత తెగకుండా పెట్టే ఊపిరి కూడా దమ్మే. ఒక్క మాటతో ఇన్ని పనులు చేయించుకుంటున్నామంటే మా దగ్గర మాటలకు కూడా కరువేనేమో.

"నీకు దమ్ముందా?" అని ఎవడైనా కుళ్ళాయప్ప మీదికి కాలు దువ్వితే ఆయన జాలిగా చూస్తాడు.

"పుట్టినప్పట్నుంచి ఉండాది. నీకు లేదా, పాపం?"

నేను బెంగళూరులో ఒక గోడౌనులో అట్టపెట్టెలు మోసి, అవి మోయడానికి కూడా సిఫారసు కావాలని తెలుసుకొని, తిరిగి వూరికి వచ్చేసరికి ఈ తతంగం మొదలై ఉంది. నేను పోయేటప్పుడు కుళ్ళాయప్ప మామ మైకులో తప్ప బయట నోరు విప్పని మనిషి. ఇప్పుడు చూస్తే పొద్దున్నే వీధి నాటకం.

మొదట పంపును పసిబిడ్డ ముందు గిలక్కాయలాగా ఆడిస్తాడు. "ఊపల్ల!" అని కేకేస్తాడు. తర్వాత ఒంట్లో ఉన్న గాలంతా బయటికి వదులుతాడు. పంక్చరైన లారీ టైరు కూడా అంతసేపు వదలదు. "ఊదేయల్ల!" అని మళ్ళీ కేక. "ఇప్పుడు మెల్లగ లాగల్ల, ఆత్రపడితే మందంతా గాలికి పోతాది!" అని చెప్పి, పంపు నోట్లో పెట్టి, ఫుస్! నిదానంగా లోపలికి పీల్చి, ఊపిరి బిగబట్టి, కళ్ళు మిటకరించి, రెండు చేతులూ గాల్లోకెత్తి వేళ్ళు ఒక్కొక్కటే ముడుస్తాడు. వేళ్ళన్నీ ముడిచేదాకా భూమి బద్దలైనా నోరు తెరవడు.

మావాళ్ళు ఊరికే ఉంటారా? సరిగ్గా అప్పుడే అడుగుతారు.

"కుళ్ళాయప్పా, మా పాప పుట్టినరోజుకు మైకు ఊరికే కడతావంట కదా? వద్దంటే ఇప్పుడే వద్దని చెప్పు మళ్ళ!"

కుళ్ళాయప్ప కళ్ళు ఉరుముతాయి. ముక్కుపుటాలు అదురుతాయి. నోరు మాత్రం తెరుచుకోదు.

"ఏమీ అనలేదు సూడండప్పా. అందరూ సాక్ష్యం!"

ఆ తర్వాత నీళ్ళు పుక్కిలించడం. అది మామూలు పుక్కిలింత కాదు. గొంతులో నీళ్ళతో పెండ్లి మేళం వాయిస్తాడు. "పుక్కిలించకుంటే నోరు పూస్తాది" అని ఎవరూ అడక్కపోయినా చెప్తాడు.

ఈ గొడవంతా నచ్చని ఇల్లు ఒకటుంది. హోటలుకు సరిగ్గా ఎదురుగా, చౌడమ్మది. కుళ్ళాయప్ప కేక వినగానే చౌడమ్మ తలుపు దబీమని వేసుకుంటుంది. ఆమె కూతురు సువార్తకూ దమ్ము. అదే మందు. ఆ సంగతి వూరికి తెలియకూడదని చౌడమ్మ తాపత్రయం. వూరందరికీ తెలుసు. తెలిసినట్టు చౌడమ్మకు తెలియదు. సువార్త డిగ్రీ చదువుతోంది, కబడ్డీ ఆడుతుంది. ఆ పిల్ల కూతకు పోతే అవతలి జట్టు పిల్లలు పిచ్చుకల్లాగా చెదిరిపోయేవాళ్ళు. ఈ ఏడాది జిల్లా జట్టుకు ఎక్కాలని ఆశ. ఆశకు అడ్డం ఆయాసం. ఆయాసానికి మందుంది. మందుకు అడ్డం సిగ్గు. ఆమె కథకు మళ్ళీ వస్తాను. ముందు పొట్టేలు సంగతి చెప్పాలి.

మడకశిర పక్క ఒక జాతరకు కుళ్ళాయప్ప మైకు కట్టడానికి పోయాడు. పక్కనే గొర్రెల సంత. సంతలో బేరం నోటితో ఆడరు. దళారి చేతుల మీద తువ్వాల కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకొని ధర తేలుస్తాడు. కుళ్ళాయప్పకు మందు టైమైంది. సంత నడుమ నిలబడి, ఫుస్సుమనిపించి, వేళ్ళెత్తాడు. ఒక కన్నడ దళారి పరుగున వచ్చి ఆ వేళ్ళ మీద తువ్వాల కప్పాడు. ఈయన ఒక వేలు ముడిచాడు. దళారి లెక్కలో అది ధర తగ్గించమని.

"ఆగల్ల, ఆగల్ల!" అన్నాడు దళారి.

కన్నడంలో ఆగల్ల అంటే కుదరదని. మా తెలుగులో ఆగల్ల అంటే ఆగాలని. డాక్టరు కూడా ఇంత శ్రద్ధగా చెప్పలేదే అని మురిసిపోయి, కుళ్ళాయప్ప ఊపిరి ఇంకా బిగబట్టి, ఇంకో వేలు ముడిచాడు. దళారి గుండెలు బాదుకున్నాడు. ఈయన ఇంకొకటి ముడిచాడు. ఇంత మొండి బేరగాణ్ణి ఆ దళారి పుట్టిన తర్వాత చూడలేదు.

"ఆయ్తు మారాయా, ఆయ్తు!"

అయింది మహాప్రభో, నీ ధరకే అయిందని. ఊపిరి వదిలేసరికి చేతిలో పొట్టేలు పగ్గం ఉంది. గొర్రె బొచ్చు పడని మనిషి, పొట్టేలును పక్కన కూర్చోబెట్టుకొని దారంతా తుమ్ముతూ వూరు చేరాడు.

"మైకు కట్టేకి పోయి పొట్టేలును పట్టుకొచ్చినావే, నీకేమన్నా మతుండాదా?" అని ఓబమ్మత్త గుమ్మంలోనే అందుకుంది.

"నేనేం మాట్లాడలేదు ఓబీ! నీయాన, నోరు కూడా తెరవలేదు!"

ఇంకొక ముచ్చట పాస్టరు గారిది. జాకబ్ గారు మా వూరి చర్చికి కొత్తగా వచ్చారు. నెమ్మదస్తుడు. ప్రార్థన కూడికలకు మైకు కావాలని హోటలు దగ్గరికి వచ్చి కుళ్ళాయప్ప గారెక్కడ అని అడిగారు.

"ఇప్పుడే మందు కొట్టి ఇంటికి పోయినాడు సార్" అన్నాడు ఆంజినప్ప, టీ వడపోస్తూ.

"పొద్దున్నేనా?"

"పొద్దున కొడతాడు, మళ్ళ రాత్రికి కొడతాడు. పూటకు రెండు దమ్ములు లాగుతాడు. పండగైనా, చావైనా తప్పడు. శానా నిష్ఠ కలిగిన మనిషి సార్."

పాస్టరు గారు బైబిలు చంకలో పెట్టుకొని నేరుగా కుళ్ళాయప్ప ఇంటికి పోయారు. దారి చూపించడానికి నేనూ పోయాను. ఉద్యోగం లేనివాడికి ఎక్కడికి పోవడానికైనా తీరికే.

"అన్నా, ఈ అలవాటు ఎప్పటినుంచి?" అన్నారు, మంచం మీద కూర్చుంటూనే.

"చిన్నప్పట్నుంచి సార్. మా నాయనకూ ఉండేది. ఆయన నాయన, మా అబ్బకూ ఉండేదంట."

"ఇంట్లో ఆమె ఏమీ అనదా?"

"ఆయమ్మే కదా సార్ గుర్తు చేసేది! నేను మరిచిపోతే తిడతాది."

పాస్టరు గారు ఓబమ్మత్త వైపు చూశారు. అత్త అవునన్నట్టు తలూపింది.

"పిల్లలు?"

"బంగారట్లాంటి పిల్లోళ్ళు సార్. నేను లేసేలోపు తెచ్చి తలగడ కింద పెడతారు."

"మానేయాలని ఎప్పుడూ అనిపించలేదా?"

"మానేస్తే సచ్చిపోతావని డాక్టరే చెప్పినాడు సార్. ఎక్కువైనా తక్కువైనా ఒప్పుకోడు. ఆయప్పే చీటీ రాసిచ్చినాడు."

పాస్టరు గారి ముఖం పాలిపోయింది. ఇటువంటి డాక్టర్లున్న జిల్లాకు తనను ఎందుకు పంపారా అని దేవుణ్ణి అడుగుతున్నట్టు పైకి చూశారు.

"ఇప్పుడు... ఇంట్లో ఉందా?"

"జేబులోనే ఉండాది. సూస్తారా?"

"వద్దన్నా!" అని ఆయన కళ్ళు మూసుకొని ప్రార్థన మొదలుపెట్టారు. కుళ్ళాయప్ప కూడా భక్తిగా చేతులు కట్టుకున్నాడు. ప్రార్థన ముగిసి కళ్ళు తెరిచేసరికి ముక్కు ముందు ఊదారంగు పంపు. పాస్టరు గారు దాన్ని చూశారు, కుళ్ళాయప్పను చూశారు, నన్ను చూశారు. తర్వాత మంచం మీద పడి నవ్వారు. నవ్వి నవ్వి ఊపిరాడక రొప్పుతుంటే కుళ్ళాయప్ప ఆశగా ముందుకు వంగాడు.

"మీకూ ఉండాదా సార్, దమ్ము?"

ఆ కూడికల్లోనే మైకు ఆపడం మరిచిపోయి రాత్రి మందు కొట్టాడు. ఫుస్సుమన్న చప్పుడు నాలుగు మైకు గొట్టాల్లోంచి హైవే దాకా పోయింది. అక్కడ ఒక లారీవాడు బండి పక్కకు ఆపి, చేతిలైటు పట్టుకొని టైర్లన్నీ చూసుకున్నాడు.

ఇక సువార్త దగ్గరికి వస్తాను.

జిల్లా జట్టుకు పిల్లలను ఏరుకునే పోటీలు కొత్తచెరువులో పెట్టారు. కాలేజీలో కబడ్డీ నేర్పించే వీరేష్ సారు సువార్తకు ఖరాఖండిగా చెప్పేశాడు. "రెండు కూతలకే నీకు పిల్లికూతలు వస్తాండాయి. డాక్టరు రోజూ కొట్టమన్న మందు నువ్వు బుద్ధి పుట్టినప్పుడు కొడతాండావు. రోజూ కొట్టు. ఆట పొద్దున నా కండ్ల ముందర కొట్టు. ల్యాకుంటే బెంచీ మీద కూర్చో."

కండ్ల ముందర అంటే పదిమంది ముందర. చౌడమ్మ అగ్గి మీద గుగ్గిలమైంది. ఆమె లెక్కలో పంపు అంటే ముసలివాళ్ళ కడపటి మందు. వయసు పిల్ల నోట్లో అది కనబడిందంటే ఇక బంధువుల నోళ్ళు మూయలేం.

"ఆ పోటీలకు మడకశిరోళ్ళు కూడా వస్తారు. మా ఆడబిడ్డ వూరోళ్ళే. వాళ్ళ ముందర అది తీసినావంటే నేను తలెత్తుకోలేను సువార్తా. ఆట ల్యాకుంటే బతకలేమా?"

సువార్తకూ సిగ్గే. కూత పెట్టే నోట్లో పంపు పెట్టుకుంటే ఎవరైనా నవ్వరా అని తన బాధ. అందుకే రెండు రోజులు కొట్టి మూడు రోజులు మానేది. ఆట కావాలి. నలుగురిలో మందు వద్దు. రెండూ కుదరవని తెలిసి నీళ్ళ పంపు దగ్గర బిందె నిండి పొర్లిపోతున్నా చూడకుండా నిలబడేది.

నాకు కుళ్ళాయప్ప మీద మండింది. ఒకరోజు మందు కార్యక్రమం అయ్యాక పట్టుకున్నాను.

"మామా, నీ తమాషా వల్ల పంపు అంటేనే వూరు నవ్వుతాంది. ఎదురింట్లో ఆ పిల్ల ఇంగ దాన్ని చేత్తో ముట్టుకుంటాదా?"

కుళ్ళాయప్ప నీళ్ళు పుక్కిలించి ఉమ్మాడు. "నవ్వనీప్పా. ఎన్నాళ్ళని నవ్వుతారు? మొదట్లో ఆంజినప్ప కింద పడి దొర్లినాడు. ఇప్పుడేమంటాండాడు?"

"జల్దీ కానీ కుళ్ళాయప్పా, ఉగ్గాని ఆరిపోతాంది!" అని లోపలినుంచి ఆంజినప్ప.

"సూడు. విసుగు పుట్టింది" అన్నాడు కుళ్ళాయప్ప. ఆ మాట ఎందుకంత సంతోషంగా అన్నాడో నాకు అప్పుడు అర్థం కాలేదు.

పోటీల రోజు గ్రౌండు నిండిపోయింది. మైకు కుళ్ళాయప్పదే. సామాను మోయడానికి ఓబమ్మత్తా, నేనూ వెంట పోయాం. ఆ మైకు కోసం నిర్వాహకుల చుట్టూ ఎంత తిరిగాడో చెబితే నవ్వుతారు. మొదటి ఆటే మాకూ మడకశిర పిల్లలకూ. మడకశిర కెప్టెను బక్కపల్చటి పిల్ల, చూపు మాత్రం కత్తి. వాళ్ళ వెంట వచ్చిన కుర్రాళ్ళు "దమ్ముందా? దమ్ముందా?" అని అరుస్తున్నారు.

వీరేష్ సారు సువార్త ముందు నిలబడ్డాడు.

"మందు కొట్టినావా?"

సువార్త బ్యాగును గుండెకు హత్తుకుంది.

"తెచ్చినావా?"

తెచ్చానన్నట్టు తలూపింది. చేయి మాత్రం జిప్పు మీదికి పోలేదు. చుట్టూ చూసింది. కుర్రాళ్ళు, ఫోన్లు, మడకశిర ముఖాలు. బాత్‌రూం ఎక్కడుందో చూసింది. దానికి తాళం.

"అయితే కూర్చోమ్మా" అన్నాడు సారు. ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. సువార్త కూర్చోవడానికి బెంచీ వైపు తిరిగింది.

అప్పుడు గొట్టాలు గరగరమన్నాయి.

"అక్కలారా, అన్నలారా! మందు కొట్టే టైమైంది! ఈ గ్రౌండులో దమ్మున్నోళ్ళు శానామంది ఉండారని నాకు తెలుసు. ఉన్న దమ్మును దాచుకోవద్దు. ముందుకు రండి!"

అంతే. "దమ్ముందా" అని అరుస్తున్న కుర్రాళ్ళంతా చొక్కా చేతులు మడిచి, మీసం లేనివాడు కూడా మీసం దువ్వి, గ్రౌండు మధ్యకు దూకారు.

"మాకుండాది దమ్ము! ఎవడప్పా అడిగింది?"

"సంతోషం. పంపేది?" అన్నాడు కుళ్ళాయప్ప మైకులో.

"ఏం పంపు?"

"రోజూ కొట్టేది. సూపించు."

కుర్రాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"పంపే లేదు, మీకు దమ్మేందప్పా? పక్కకు జరగండి, నిజంగా దమ్మున్నోళ్ళను రానియ్యండి!"

గ్రౌండంతా గొల్లుమంది. ఆ నవ్వు ఇంకా ఆగకముందే, ముందు వరుసలో కూర్చున్న ఒక ముసలామె లేచింది. చీర బొడ్డులోంచి ఆకువక్క సంచి తీసి, దాంట్లోంచి పంపు తీసింది. బందోబస్తుకు వచ్చిన కానిస్టేబులు అటూ ఇటూ చూసి, గొంతు సవరించుకొని, ప్యాంటు జేబులోంచి ఒకటి తీశాడు. "డ్యూటీలో మందు కొడతాండాడు సూడప్పా!" అని ఎవరో అరిస్తే ఆయన కూడా నవ్వేశాడు. ఆ తర్వాత జరిగింది ఎవరూ అనుకోనిది. మడకశిర కెప్టెను, ఆ కత్తి చూపు పిల్ల, తన బ్యాగు జిప్పు సర్రున లాగింది. చేతిలో పంపు. సువార్త దానివంకే చూసింది. అదే ఊదారంగు.

ఆ పిల్ల సువార్త వైపు తిరిగి, "నిందు ఎల్లి?" అంది కన్నడంలో. నీదెక్కడ అని.

సువార్త జిప్పు తీసింది.

"ఊపల్ల!" అన్నాడు కుళ్ళాయప్ప. "ఊదేయల్ల! మెల్లగ లాగల్ల!"

ఫుస్. ఫుస్. ఫుస్. గొట్టాల్లోంచి ఇంకో పెద్ద ఫుస్. దమ్ము లేనివాళ్ళు కూడా ఊపిరి బిగబట్టి వేళ్ళు ముడుస్తున్నారు. ఒక కుర్రాడు ఆత్రంలో ఎక్కువసేపు బిగబట్టి తూలి పడ్డాడు. పుక్కిలించడానికి నీళ్ళ బాటిలు చేతులు మారింది, కానిస్టేబులు నుంచి ముసలామెకు, ముసలామె నుంచి పిల్లలకు.

ఆట మేము ఓడిపోయాం. మడకశిర కెప్టెను మావాళ్ళను ఊడ్చేసింది. కానీ చివరి కూతకు సువార్త పోయినప్పుడు ముగ్గురు ఆమెను పట్టుకొని వేలాడినా కూత తెగలేదు. ముగ్గురినీ ఈడ్చుకుంటూ వచ్చి గీత మీద పడింది. సాయంత్రం జిల్లా జట్టు పేర్లు చదివారు. మడకశిర కెప్టెను ఉంది, మా సువార్తా ఉంది. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చొని, రాని భాషలో ఒకరితో ఒకరు తెగ మాట్లాడుకుంటున్నారు.

మైకు సామాను లగేజీ ఆటోలో వేసుకొని బయల్దేరాం. పిల్లలు బస్సులో వస్తారు. కుళ్ళాయప్ప నడుపుతున్నాడు, పక్కన ఓబమ్మత్త, ఆ పక్కన సగం బయటికి వేలాడుతూ నేను.

"మామా, నీ పిచ్చి ఈ పొద్దు పనికొచ్చింది" అన్నాను.

"పిచ్చా?" అని ఓబమ్మత్త నా వైపు తిరిగింది. "అబ్బోడా, నువ్వు బెంగళూరు పోకముందు ఈయప్ప మందు కొట్టేది ఎప్పుడన్నా సూసినావా?"

ఆలోచించాను. ఎప్పుడూ చూడలేదు.

"ఎట్ల సూస్తావు? తలుపేసుకొని, లైటార్పి కొట్టేవాడు. పెండ్లయిన కొత్తలో సాటుగా బీడీ తాగుతాండాడేమో అని నేను నోరు వాసన సూసినా. నాకు కూడా సెప్పలేదు, అంత సిగ్గు. మైకు అనేది అడ్డం ల్యాకుంటే నలుగురిలో మాట రాదు ఈయప్పకు."

"మరి ఇదంతా ఏంది?"

"పోయిన క్రిస్మస్‌కు చర్చిలో మైకు కట్టినాం. పాటలు పాడతాంటే వైరు సరిచేసేకి ఈయప్ప బాక్సు వెనక్కి పోయినాడు. ఆడ సువార్త కూర్చోనుండాది. చున్నీ మొగం మీద కప్పుకొని, దొంగ మాదిరి పంపు కొడతాంది. గబగబా నొక్కి, గబగబా వదిలేస్తాంది. మందంతా చున్నీకే. ఈయప్ప సప్పుడు సేయకుండా వెనక్కి వచ్చేసినాడు. మరుసనాడు పొద్దున వాళ్ళింటి ముందర నిలబడి కేకేసినాడు సూడు, నాకు గుండె ఆగినంత పనైంది."

ఊపల్ల, ఊదేయల్ల, మెల్లగ లాగల్ల. ఇన్నాళ్ళూ ఆయన మాకు చెబుతున్నాడనుకున్నాం. మా తలల మీదుగా ఎదురింటి కిటికీకి చెబుతున్నాడు.

"గమ్మునుండు ఓబీ! పిల్లోనికి ఏమేమో సెప్తావు" అన్నాడు కుళ్ళాయప్ప. చెవులు ఎర్రబడ్డాయి. రోడ్డు మీద ఏమీ లేకపోయినా హారను కొట్టాడు.

"నేరుగా ఆ పిల్లకే చెప్పొచ్చు కదా మామా?"

"అట్ల సెప్తే నేను సూసినట్టు ఆ పిల్లకు తెలిసిపోతాది కదప్పా. సిగ్గుపడదా?"

"నీకు లేదా సిగ్గు?"

"యమ సిగ్గు" అన్నాడు. "మొదటి రోజైతే వేళ్ళు ముడిచేటప్పుడు లెక్క కూడా తప్పినా."

వూరు చేరేసరికి హోటలు ముందు చౌడమ్మ నిలబడి ఉంది, చేతిలో ఫోను, కొంగు నడుముకు చుట్టి. ఆంజినప్ప ముందుజాగ్రత్తగా గాజు గ్లాసులన్నీ లోపల పెట్టేశాడు. కుళ్ళాయప్ప ఆటో ఆపి, దిగకుండా హ్యాండిలు పట్టుకొని కూర్చున్నాడు.

"దిగు కుళ్ళాయప్పన్నా" అంది చౌడమ్మ.

దిగాడు.

"నా కూతురు మైకు ముందర మందు కొట్టిందంట. మా మడకశిర ఆడబిడ్డకు అప్పుడే ఎవరో వీడియో పంపించినారు. పొద్దుట్నుంచి ఫోను మీద ఫోను."

"ఏమంటాది?" అన్నాడు కుళ్ళాయప్ప నీరసంగా.

"ఏమంటాది? ఆ డాక్టరు యాడుంటాడని అడుగుతాంది!" చౌడమ్మ గొంతు లేచింది. ఆ కోపం కుళ్ళాయప్ప మీద కాదని మాకు అప్పుడు తెలిసింది. "వాళ్ళాయనకు పెండ్లినాటి నుంచి దమ్మంట! ఇన్నేండ్లూ నాకు ఒక్క ముక్క సెప్పలేదు సూడన్నా. నేను యాడ నవ్వుతానో అని భయమంట. నేనా నవ్వేది? ఆయప్ప రోజూ పొద్దున్నే గదిలో దూరి, తలుపు గడియ పెట్టుకొని కొడతాడంట. లైన్లోనే ఉండాది. డాక్టరు పేరు సెప్పు."

కుళ్ళాయప్ప ఫోను అందుకున్నాడు. మైకు పట్టుకున్నట్టు పట్టుకొని, గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, డాక్టరు పేరు తర్వాత సెప్తా. ముందు ఆయప్పను గడియ తీయమను."